పన్నెండింటికి నలభై గ్రాములు

ఉదయం ఏడూ నలభైకి, సర్వర్ హాల్లో ఒక మనిషి బోర్లా పడుకుని నేల కింద తలపెట్టి చూస్తున్నాడు.

ఆ హాల్లో నేల అంటే అసలు నేల కాదు. రెండడుగుల చదరపు పలకలు, వాటి కింద మోకాలెత్తు ఖాళీ, ఆ ఖాళీ నిండా పాముల పుట్టలా కేబుళ్ళు. ఆయన ఒక పలక ఎత్తి పక్కన పెట్టి, చేతిలో మీటరు పట్టుకుని, ఒక్కో కేబుల్నీ తడుముతున్నాడు. కంప్యూటర్లు విడిచే పొగని కొలవడం ఆయన ఉద్యోగం. కంప్యూటర్ పొగ విడవడమేమిటని నవ్వకండి. ఆయన మామగారూ మొదట్లో అలాగే నవ్వారు. కంప్యూటర్ కరెంటు తాగుతుంది. ఆ కరెంటు కోసం ఎక్కడో బొగ్గు కాలుతుంది. ఆ కాలిన దాంట్లో ఈ ప్రోగ్రాం వాటా ఎంత, ఫలానా మెషిన్ లెర్నింగ్ మోడల్‌కి చదువు చెప్పడానికి అయిన పొగ ఎన్ని టన్నులు అని గ్రాములతో సహా తేల్చడంలో ఆయనంతటివాడు లేడు.

ఆ ఉదయం ఆయన మీటరు ఒక కేబుల్ దగ్గర ఆగిపోయింది. ఫోన్ తీసి బామ్మర్దికి చేశాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు.

“ఒరేయ్, ఇక్కడ పనిలేని మెషిన్ ఒకటి ఒళ్ళు కాలిపోతూ ఉందిరా. ఖాళీగా ఉందని రాశారు, నలుగురి తిండి తింటోంది. ఎవరితోనూ అనకు. అది ఏ వరసలో ఉందంటే...”

వెనక తలుపు టక్కుమంది. ఎర్రదీపం వెలిగింది. నిప్పు లేదు, సెగ లేదు. నిప్పుని ఆర్పే గ్యాస్ మాత్రం పైకప్పు గొట్టాల్లోంచి బుస్సుమంటూ దిగింది. ఆ గ్యాస్ పేరు కార్బన్ డయాక్సైడ్. జీవితమంతా గ్రాముల్లో తూచిన వాయువు ఆయన మీద టన్నుల్లో వచ్చి పడింది.

పదకొండు నిమిషాల తర్వాత నేల తుడిచే ఆమె కాళ్ళు పట్టుకుని ఆయన్ని బయటికి లాగింది.

* * *

ఆ బామ్మర్దిని గూఢచారి శాఖలో ‘తూకం’ అంటారు. మాటైనా, దెబ్బైనా తూచి ఇస్తాడని. ఆరు భాషల్లో నోరు మూసుకుని ఉండగలడు. ఒకసారి పరాయి దేశపు జైల్లో మూడు నెలలు గోడ గడియారంలా నటించి, ఖైదీలని సమయానికి నిద్రలేపి, విడుదలయ్యే రోజున జైలరు చేత కీ ఇప్పించుకుని వచ్చాడంటారు. నమ్మితే నమ్మండి, ఆ జైల్లో ఇప్పటికీ టైము సరిగ్గా నడవడం లేదు.

ఎనిమిదీ యాభైకి తూకం ఒక జిరాక్స్ షాపు కౌంటర్ ముందు నిలబడ్డాడు.

“రెండు వైపులా తీస్తారా?”

“ఒకవైపే,” అన్నాడు షాపువాడు తలెత్తకుండా. “రెండోవైపు మీరే చూసుకోవాలి.”

కౌంటర్ పలక లేచింది. వెనక గదిలో పెద్దసారు కిటికీ దగ్గర నిలబడి ఆకాశం చూస్తున్నారు. శాఖకి అధిపతి ఆయన. నవ్వి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

“మీ బావ బతికే ఉన్నాడు,” అన్నారు. “వెంటిలేటర్ మీద. ఊపిరి అది పీలుస్తోంది, ఆయన కాదు.”

“నేను హాస్పిటల్‌కి...”

“వెళ్తే మీ అక్క పక్కన కూర్చుంటావు. పన్నెండింటికి ఇద్దరూ కలిసి చూస్తారు.”

“ఏం చూస్తాం?”

“కరెంటు పోవడం.”

తూకం కూర్చున్నాడు. పెద్దసారు చెప్పుకుపోయారు.

“గ్రాముల బోర్డు తెలుసుగా? ఇప్పుడు వాడే ఒక్కో యూనిట్ కరెంటు వెనక ఎన్ని గ్రాముల కార్బన్ ఉందో ఐదు నిమిషాలకొకసారి అంకె వేస్తారు. మీ బావ పడింది వాళ్ళ హాల్లోనే. దేశంలో పదకొండు పెద్ద డేటా సెంటర్లు ఆ అంకె మీదే నడుస్తాయి. ఎండ కాసి, గాలి వీచి అంకె పడిపోతే, మోడల్ ట్రైనింగ్ లాంటి బరువు పనులు మొదలెడతాయి. అంకె పెరిగితే ఆపేస్తాయి. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు.”

“మంచి ఏర్పాటే.”

“మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు అన్నానా? భయమంతా అక్కడే.”

కిటికీ అవతల ఆకాశం మురికి దుప్పటిలా కిందికి వేలాడుతోంది. చెట్టు మీద ఆకు కదలడం లేదు.

“ఇవాళ అంకె ఎంతుండాలి సార్?”

“ఏడొందల పైన. ఉన్న కరెంటంతా బొగ్గుదే, అదీ బొటాబొటీ. రాత్రి ‘తెల్ల గ్లవ్స్’ ముఠా మెసేజ్ ఒకటి పట్టుకున్నాం. చదువు.”

కాగితం మీద రెండు ముక్కలున్నాయి. *పన్నెండింటికి నలభై గ్రాములు. పదకొండుగురూ లేస్తారు, ఇల్లు కూలుతుంది.*

“పదకొండూ ఒకే నిమిషంలో లేస్తే గ్రిడ్ నిలవదు,” అన్నారు పెద్దసారు. “మళ్ళీ నిలబెట్టడానికి రెండు రోజులు. ఆ రెండు రోజుల చీకట్లో సరిహద్దు అవతలివాళ్ళు ఏం చెయ్యాలనుకుంటున్నారో వాళ్ళకి తెలుసు.”

“హాస్పిటల్‌కి జనరేటర్ ఉంటుందిగా!”

“పోయిన నెల తీయించేశారు. పొగ తగ్గించాలట. బదులుగా బ్యాటరీలు. ఇరవై నిమిషాలు వస్తాయి.”

“తియ్యమన్నదెవరు?”

“గ్రాముల బోర్డు డైరెక్టరు.”

తూకం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“బోర్డు ప్లగ్గు పీకేస్తే?” అడిగాడు తూకం.

“పీకితే ఇంకా సుఖం వాళ్ళకి. అంకె రాకపోతే డేటా సెంటర్లు ఆగవు. ఆ గంటకి ఏడాది సగటు ఎంతో అది వేసుకుని పనిలోకి దిగుతాయి. మిట్టమధ్యాహ్నం సగటు నూటిరవై. ఏడాదంతా ఎండేగా మనకి.”

“డేటా సెంటర్లకి ఫోన్ చేస్తే?”

“పొద్దున్నుంచీ చేస్తున్నాం. మన కాల్ వాళ్ళకి చాలా ముఖ్యమట. సంగీతం వినిపిస్తున్నారు.”

“కరెంటువాళ్ళకి?”

“చెప్పాం. లోడ్ పెరిగితే వాళ్ళు కోసేది ఊరి లైన్లు. డేటా సెంటర్ల లైన్లు కొయ్యకూడదని కాంట్రాక్టు. ముందు కోసే జాబితాలో మీ బావ ఉన్న హాస్పిటల్ రెండోది.” పెద్దసారు గొంతు తగ్గించారు. “కాబట్టి ఒకటే దారి. ఆ మెషిన్ ఎక్కడుందో పట్టుకోవాలి. సరిగ్గా పన్నెండింటికి దాని నోటితోనే నిజం చెప్పించాలి.”

“లోపల మనవాళ్ళెవరు?”

“నెమలి. విదేశీ ఆడిటర్ వేషం. మనకి రిపోర్టు రాస్తుంది. వాళ్ళకీ రాస్తుంది. ఎవరికి రాసేది అబద్ధమో మూడేళ్ళ నుంచి తేలడం లేదు.”

* * *

శాఖలో పరికరాలు తయారుచేసే ఆవిడని అందరూ అత్తయ్య అంటారు. ఎవరికి అత్తయ్యో రికార్డుల్లో లేదు. ఆవిడ తూకం మణికట్టుకి ఒక స్టీలు కడియం తొడిగింది.

“దీన్ని విప్పి కేబుల్ చుట్టూ బిగించావనుకో, ఎంత కరెంటు పోతోందో చెబుతుంది. తక్కువైతే చక్కిలిగిలి, ఎక్కువైతే చురుకు. ఇదిగో, మీసం. ఇదే నీ ఫోన్.”

“మీసంలో ఫోనా అత్తయ్యా?”

“మోగదు, పెదవి మీద గిలిపెడుతుంది. పై పెదవి కదిపి మాట్లాడు. తుమ్మావో, కాల్ కట్ అవుతుంది. పోయినసారి గొడుగు పోగొట్టుకొచ్చావు. ఇది పోగొట్టావంటే నీ తల బోడిచేసి మీసం అక్కడ అంటిస్తాను.”

తొమ్మిదీ నలభైకి, ఏసీ ఫిల్టర్లు మార్చే మెకానిక్ ఒకడు నీలం యూనిఫారంలో గ్రాముల బోర్డు భవనం ముందు వ్యాను దిగాడు. ఏడంతస్తుల నెత్తిన లారీ అంత బోర్డు ఉంది. దానిమీద ఎర్రగా 698 అని వెలుగుతోంది. కింద జనం ఎవరూ తలెత్తి చూడటం లేదు. తమ ఊపిరి లెక్క తమ నెత్తిమీదే రాసి ఉన్నా, బస్సు నంబర్లు చూసుకుంటున్నారు.

లాబీలో డైరెక్టరు ఎదురొచ్చాడు. చేతులకి తెల్ల గ్లవ్స్. నడుస్తూ నడుస్తూ తలుపు పిడి తుడుస్తాడు, మెట్ల రెయిలింగు తుడుస్తాడు. భవనంలో అందరూ చాటుగా ‘శుభ్రం’ అని పిలుచుకుంటారు.

“దుమ్మంటే నాకు పడదు,” అన్నాడు మెత్తగా. “పొద్దున ఒకాయన పాపం, దుమ్ములో తలపెట్టి పడుకున్నాడు. లేవలేదు. నువ్వు జాగ్రత్త.”

“నాకు అలవాటేనండి. దుమ్ములోనే పుట్టాను.”

“దుమ్ములోనే పోతావన్నమాట,” అని శుభ్రం నవ్వి, తూకం భుజం మీద లేని మరకని తుడిచాడు.

అతని వెనక ఒకామె నిలబడి ఉంది. ముదురుపచ్చ కోటు, చీకటి కళ్ళద్దాలు, వేలెడు పొడవు మడమల చెప్పులు. ఆమె నడుస్తుంటే పాలరాయి కూడా సర్దుకుని పడుకుంటుందేమో అనిపిస్తుంది.

“ఫిల్టర్లో ఎంత దుమ్ముంది?” అడిగింది.

“తుమ్మేంత కాదు. దగ్గేంత.”

“దగ్గే వాళ్ళు ఇక్కడ ఎక్కువసేపు ఉండరు,” అంది నెమలి. అది కోడ్‌లో భాగం కాదు.

* * *

సర్వర్ హాల్లో ఇరవై నాలుగు వరసలు, వరసకి యాభై మెషిన్లు. చలి ఎంతంటే, మాట నోట్లోంచి వచ్చి గడ్డకట్టి ఠంగుమని కింద పడేలా ఉంది. పన్నెండొందల మెషిన్లూ ఒకే గొంతుతో హోరుమంటున్నాయి. మూలన తోపుడు ట్రాలీ మీద ఒక స్క్రీను, పొడుగు వైరుతో కీబోర్డు.

తూకం పలక ఎత్తాడు. కడియం విప్పి మొదటి కేబుల్‌కి బిగించాడు. చురుక్కుమంది. రెండోది. చురుక్కు. మూడోది. చురుక్కు. పదో మెషిన్ దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు వాచాయి, సంగతి అర్థమైంది.

పనిలేని మెషిన్ వేడిగా ఉందని బావ కనిపెట్టాడు. అందుకని పొద్దున ఆయన్ని బయటికి మోసుకెళ్ళగానే, వీళ్ళు అన్ని మెషిన్లకీ ఉత్తుత్తి పని పెట్టేశారు. పన్నెండొందలూ ఒకేలా కాలుతున్నాయి. దొంగని పట్టుకోలేకుండా ఊరందరి మొహాలకీ ఒకే మసి పూసినట్టు.

టైము పదీ యాభై.

వెనక మడమల చప్పుడు వినిపించింది. నెమలి ట్రాలీ దాకా వచ్చి, స్క్రీను మీద ఏదో టైపు చేసి, వెనక్కి తిరిగింది.

“లాగిన్ చేసే ఉంది. నేనేమీ చూడలేదు.”

“ఎక్కడుందో చెప్పేస్తే పోతుందిగా?”

నెమలి దుమ్ముకి దగ్గుతున్నట్టు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. “పైన కెమెరా ఉంది. నా పెదాలు చదవడానికి ఒకడిని కూర్చోబెట్టాడాయన. ఇలా ఎక్కువసేపు కప్పుకుంటే అనుమానం.” కళ్ళద్దాలు సర్దుకుంది. “మిమ్మల్ని వెతకనిస్తున్నాడు. అలసిపోయాక వస్తాడు. పొద్దున మీ బావనీ అలాగే వెతకనిచ్చాడు.”

“అప్పుడు మీరెక్కడున్నారు?”

నెమలి బయటికి నడిచింది. తలుపు మూసుకుంది.

పదకొండు దాటింది. పదకొండుంపావు. తూకం ఫైళ్ళు తిరగేస్తున్నాడు. లక్షల ఫైళ్ళు. గడ్డివాములో సూదైతే గుచ్చుకునైనా దొరుకుతుంది, ఇవి గుచ్చుకోవు కూడా. అంతలో మీసం గిలిపెట్టింది.

“ఒరేయ్, ఎక్కడ చచ్చావురా నువ్వు?” అక్క గొంతు. “బావకి ఇలా అయితే పన్నెండు ఫోన్లు చేశాను.”

“డ్యూటీలో ఉన్నానక్కా. ఎలా ఉంది?”

“ఎలా ఉంటాడు? మెషిన్ పీల్చమంటే పీలుస్తున్నాడు. ఇంట్లో నా మాట ఒక్కటీ వినలేదు, ఆ డబ్బా చెప్పినట్టల్లా వింటున్నాడు.” ఆ గొంతు ఒక్క క్షణం జారి, మళ్ళీ నిలదొక్కుకుంది. “నువ్వెందుకు గుసగుసలాడుతున్నావు?”

“అక్కా, విను. పన్నెండింటికి కరెంటు పోవచ్చు. పోతే బ్యాటరీ ఇరవై నిమిషాలే. చేత్తో నొక్కే రబ్బరు సంచి ఉంటుంది, ఊపిరందించేది. నర్సుని అడిగి తెచ్చుకో.”

అక్క అటు వార్డంతా లెక్కపెట్టింది. తర్వాత, “వార్డులో పద్దెనిమిది మంది ఉన్నారురా. సంచులు నాలుగే కనిపిస్తున్నాయి.”

“ఒకటి పట్టుకో.”

“ఎంతసేపు నొక్కాలి?”

“రెండు రోజులు.”

“నొక్కుతాను,” అంది అక్క. “ఎన్నింటికి మొదలెట్టాలో సరిగ్గా చెప్పు.”

“సరిగ్గా పన్నెండింటికి,” అన్నాడు తూకం. తుమ్ము వస్తుంటే, కాల్ పోతుందని ఆపుకున్నాడు.

“బావ ఎవరినైనా అనుమానించేవాడా అక్కా?”

“అంత తీరికెక్కడిది ఆయనకి? శిష్యులకి సుద్దులు చెప్పుకోవడమే సరిపోయింది. నువ్వు రాసే ప్రోగ్రాం నీ పొగ లెక్క నువ్వే రాసుకోవాలి, మొట్టమొదటి లైన్లోనే పెట్టు, అదీ నిజం అంకెతో పెట్టు అని ప్రాణం తోడేసేవాడు. ఒకత్తి ఉండేది, ఎప్పుడూ పచ్చకోటు, టకటకలాడే చెప్పులు. మా ఫ్రిజ్‌లో పాలు అయిపోతే గుర్తుచేసే ప్రోగ్రాం రాసిచ్చింది. దానికీ పొగ లెక్కే! పాల పాకెట్టుకి పద్నాలుగు మిల్లీగ్రాములని రోజూ ఒక ఫైల్లో రాసుకునేది ఆ వెధవ ప్రోగ్రాం. ఎందుకమ్మా ఇదంటే, చెయ్యి అలవాటు పడిపోయిందండీ, ఇక మానలేను అంది. ఒరేయ్, ఉన్నావా?”

తూకం లేడు. అంటే, ఉన్నాడుగానీ, వేళ్ళు కీబోర్డు మీదున్నాయి.

ఆ పచ్చకోటు నెమలిది. ముఠాకి ప్రోగ్రాం రాసిందీ ఆ చెయ్యే అయితే, మెషిన్లని కాదు, పొగ లెక్కని వెతకాలి. దేశానికంతటికీ గ్రాములు ప్రకటించే ఈ బోర్డు, తన సొంత ప్రోగ్రాముల పొగ ఒక్కరోజూ కొలవలేదు. కాబట్టి పన్నెండొందల మెషిన్లలోనూ అలాంటి ఫైలు ఉంటే గింటే ఒక్కటే ఉండాలి.

వెతకమని నొక్కాడు. స్క్రీను మీద చుక్క తిరిగింది, తిరిగింది. ఒక్కటే వచ్చింది. పదిహేడో వరస, ముప్పై ఒకటో మెషిన్.

తెరిచాడు. నలభై ఒక్క రోజులుగా ఐదేసి నిమిషాలకి ఒక లైను. చివరిది: పదకొండూ ముప్పై. యూనిట్‌కి 708 గ్రాములు. ఈ ఐదు నిమిషాల్లో నేను విడిచిన పొగ 236 గ్రాములు. దేశాన్ని చీకట్లోకి తొయ్యడానికి పుట్టిన ప్రోగ్రాం, చిన్నపిల్ల కాపీ పుస్తకంలో రాసుకున్నంత బుద్ధిగా, తన పొగ తాను లెక్క రాసుకుంటూ కూర్చుంది.

దాని పక్కనే అసలు ప్రోగ్రాం ఉంది. ఇన్నాళ్ళూ నిజం అంకెనే బయటికి పంపింది, ఎవరికీ అనుమానం రాకుండా. పన్నెండింటికి పంపాల్సినది మాత్రం ముందే రాసిపెట్టి ఉంది. నలభై. ఎక్కడ మార్చాలో వెతుకుతుండగా వెనక నుంచి చల్లటి మాట వినిపించింది.

“దొరికిందా?”

* * *

పదకొండూ యాభై రెండు. శుభ్రం చేతిలో పిస్తోలు ఉంది. దాన్నీ తుడిచే పట్టుకున్నాడు. పక్కన నెమలి.

“చెయ్యి తియ్యి,” అని ముందుకొచ్చి స్క్రీను చూశాడు. పైనుంచి కిందికి చదివాడు. తెల్లగా ఉండే మొహం ఇంకా తెల్లబడింది.

“ఇదేంటి?”

“పొగ లెక్కండి,” అన్నాడు తూకం వినయంగా.

“నలభై ఒక్క రోజులు... ఏ మెషిన్లో ఉన్నాం, ఎప్పుడు మొదలెట్టాం, ఎంత తిన్నాం... అంతా రాసి పెట్టి ఉందా?” శుభ్రం మెల్లగా నెమలి వైపు తిరిగాడు. “ఈ ప్రోగ్రాం నువ్వేగా రాసింది? ఎందుకు పెట్టావిది?”

“అలవాటు సార్.”

“అలవాటా!”

“పళ్ళు తోముకోవడం లాంటిది. దొంగతనానికి వెళ్ళే రోజు మాత్రం మానేస్తామా?”

శుభ్రం నవ్వలేదు. ఆమె చేతిసంచి లాక్కున్నాడు. వెనక్కి వెనక్కి నడిచి, గోడమీది ఎర్ర పిడి కిందికి లాగి, గాజు తలుపు దాటాడు.

“ఇద్దరూ కొలుచుకోండి,” అన్నాడు బయటి నుంచి. “చివరి గ్రాము దాకా.” వెనక్కి చూడకుండా నడవా చివరి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

తలుపు జరగసాగింది. నెమలి ఒక్క గెంతులో తన కుడికాలి చెప్పు విడిచి సందులోకి తోసింది. మడమ కరకరలాడింది కానీ విరగలేదు. నాలుగు వేళ్ళ సందు మిగిలింది. పైకప్పు గొట్టాలు బుస్సుమన్నాయి.

“ఆ గ్యాస్ బరువు, ముందు కిందే నిండుతుంది,” అని అరిచింది నెమలి, సందుకి మొహం ఆనించి గాలి పీలుస్తూ. “పైకెక్కండి!”

తూకం కీబోర్డు చంకలో పెట్టుకుని ర్యాక్ మీదికి పాకాడు. ట్రాలీ కింద, తను పైన. వైరు బిగుసుకుంది. స్క్రీను అటు తలుపు వైపు తిరిగి ఉంది. కీబోర్డు తన దగ్గరుంది, కళ్ళు ఆమె దగ్గరున్నాయి.

పదకొండూ యాభై ఆరు.

“నేను చదువుతాను, మీరు కొట్టండి,” అంది నెమలి. “నూట పన్నెండో లైనుకి వెళ్ళండి.”

తూకం వేళ్ళు ఆగిపోయాయి. ఈమె చెప్పింది కొడితే నిజం వెళ్తుందో, నలభై వెళ్తుందో చూసే దారి లేదు. మూడేళ్ళుగా ఇద్దరికీ రిపోర్టులు రాసే మనిషి. పొద్దున బావ పడినప్పుడు ఎక్కడున్నావంటే నోరు విప్పని మనిషి. కింద తెల్లటి ఆవిరి పలకల మీద వరదలా పరుచుకుంటోంది. మొదటి అర మునిగింది. రెండో అర మునుగుతోంది.

“ఆలోచిస్తున్నారా?” నెమలి గొంతు బొంగురుపోయింది. “ఆలోచించడానికీ ఊపిరి కావాలి.”

“పొద్దున మీరెక్కడున్నారు?”

“ఆయనతో మేడమీద ఉన్నాను. ఆపితే దొరికిపోతాను. ఆపలేదు.” దగ్గింది. “కిందికొచ్చి నేల తుడిచే ఆమెకి తాళం ఇచ్చాను. పదకొండు నిమిషాలు ఆలస్యంగా.”

అది నిజమో కాదో తూచే రాయి ఈ భూమ్మీద లేదు. తూకానికి ఒక్కటే తోచింది. లోకానికి అబద్ధం అమ్మే ప్రోగ్రాంలో కూడా, ఎవరూ చూడని చోట, తన లెక్క మాత్రం నిజం అంకెతో రాసుకుంది ఈ చెయ్యి. బయటికి ఎన్ని అన్నా, చెయ్యి అబద్ధం నేర్చుకోలేదు.

“చెప్పండి,” అన్నాడు.

“బాణం కిందికి, తొమ్మిది సార్లు. ఆగండి, పది నొక్కారు. పైకి ఒకటి. ఇప్పుడు లైను చివరికి. నలభై అని ఉంది. చెరపండి. రెండు అక్షరాలు. అంతే. ఇక్కడ లెక్కలో రాసుకునే అంకె పేరు కొట్టండి.”

“పేరేంటి?”

“నిజం.”

కొట్టాడు. ఆవిరి మోకాళ్ళకి తగిలింది. చెవుల్లో పన్నెండొందల మెషిన్ల హోరు దూరంగా జరిగిపోతోంది, ఎవరో రైలెక్కి వెళ్ళిపోతున్నట్టు.

“సేవ్ చెయ్యండి. మళ్ళీ మొదలుపెట్టమని కొట్టండి. ఇంకా కాదు... ఒక అక్షరం తప్పు పడింది, వెనక్కి... ఆ, అదే... ఎంటర్!”

తూకం బొటనవేలు బరువెక్కింది. వేలంత బరువు, చెయ్యంత బరువు, ఇల్లంత బరువు. ఎలాగో దించాడు.

పదకొండూ యాభై తొమ్మిది, యాభై ఎనిమిది సెకన్లు.

గాజు తలుపు అవతల శుభ్రం కిటికీలోంచి మెడ సాచి నెత్తిన ఉన్న బోర్డు నీడని ఎదుటి భవనం అద్దాల్లో చూస్తున్నాడు. అద్దాల్లో అంకె ఒక్కసారి ఆరింది. మళ్ళీ వెలిగింది.

712.

పదకొండు డేటా సెంటర్లు ఆ అంకె చూశాయి. అటు ఒత్తిగిల్లి మళ్ళీ పడుకున్నాయి.

* * *

జిరాక్స్ షాపువాడు, ఇంకో ఇద్దరు గాజు పగలగొట్టి తూకాన్ని ర్యాక్ మీంచి దించారు. శుభ్రం చేతులకి బేడీలు వేయబోతే, ముందు వాటిని తుడవమని అడిగాడట.

నెమలి మెట్ల దగ్గర ఉంది. ఆమె కోసం ఎవరూ బేడీలు తేలేదు. తేవాలో వద్దో పెద్దసారు ఇంకా తేల్చుకోలేదు.

“ఆ ఫైలు,” అడిగాడు తూకం, ఊపిరి కూడదీసుకుంటూ. “మరిచిపోయి వదిలేశారా, కావాలనే పెట్టారా?”

“మరిచిపోయానని ముఠాతో చెప్పండి. కావాలనే పెట్టానని మీ బావతో చెప్పండి.”

“నాతో ఏం చెబుతారు?”

“మీరు తూచగలరుగా.”

ఆమె మెట్లు దిగింది. ఒక కాలు టక్కుమంటూ, ఒక కాలు నిశ్శబ్దంగా. కిందికి వెళ్ళేసరికి రెండూ వినిపించలేదు. వీధి చివర దాకా వెతికారు. పచ్చకోటు లేదు. ఏ పక్షానికి పోయిందో, ఈసారి ఎవరి కోసం ఏం రాస్తుందో చెప్పగలిగే మనిషి ఒక్కడే, ఆయనింకా నోట్లో గొట్టంతో పడుకుని ఉన్నాడు.

పన్నెండూ ఇరవై రెండుకి మీసం గిలిపెట్టింది.

“ఒరేయ్, పన్నెండన్నావు. పన్నెండూ ఇరవై కూడా దాటింది. నేను సంచి పట్టుకుని నిలబడే ఉన్నాను, చేతులు కొయ్యబారిపోయాయి.”

“బావెలా ఉన్నాడక్కా?”

“మెషిన్ ఒకటి పీలిస్తే, మధ్యమధ్యలో తనూ ఒకటి దొంగతనంగా పీలుస్తున్నాడట, డాక్టరు చెప్పింది. మంచిదేనంది. అది సరేగానీ, ఇక్కడ ఫ్యాను కూడా ఆగలేదురా!”

తూకం ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. నెత్తిన బోర్డు 715కి మారింది. మబ్బు అలాగే ఉంది. జనం బస్సు నంబర్లు చూసుకుంటున్నారు.

“ఏమీ జరగలేదక్కా,” అన్నాడు.

“అదేగా నేనూ అంటున్నది! ఇంతకీ కరెంటు పోతుందా పోదా, ఒక్కమాట తేల్చి చెప్పు. పోయేదుంటే సరే, లేదంటే వెళ్ళి కాస్త టీ తాగొస్తాను.”